ఎవరి కొలతల జాకెట్టు?

పోయిన వారం గౌరిని అద్దం ముందు వదిలేశాం. ఇంకా అక్కడే ఉంది పాపం. న్యూజెర్సీలోని పిస్కాటవేలో, ఆడపడుచు భానుశ్రీ ఇంట్లో, మేడ మీద గదిలో, మెరూన్ రంగు పట్టు జాకెట్టు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి దూర్చాలా వద్దా అని చూస్తూ.

ఇక్కడిదాకా ఎలా వచ్చిందంటే, ఏప్రిల్‌లో నాలుగో నెల గర్భం పోయాక "మీ అమ్మ దగ్గర రెండు వారాలు రెస్ట్ తీసుకో" అని భర్త ఫణికుమార్ ఆమెని తెనాలి పంపించాడు. ఆ రెండు వారాలు ఏడు నెలలయ్యాయి. తిరిగి రమ్మని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. చివరికి గౌరే టికెట్ కొనుక్కుని, చెప్పాపెట్టకుండా పది రోజుల కిందట నెవార్క్‌లో దిగింది. దిగేసరికి అత్త ధనమ్మ, మామ రాజారావు సెప్టెంబరు నుంచీ కూతురి ఇంట్లోనే ఉన్నారు, ఫణి మకాం కూడా అక్కడే. ఇంట్లో ఒకటే హడావిడి. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం సాయంత్రం నాలుగింటికి ఫ్యామిలీ ఫోటో! దాన్ని కొత్త సంవత్సరం కార్డు మీద అచ్చేసి అమెరికాలో, ఇండియాలో ఉన్న చుట్టాలందరికీ పంపుతారట. ఆడవాళ్ళు మెరూన్ పట్టుచీర, మగవాళ్ళు క్రీమ్ కుర్తా. భానుశ్రీ ఈమెయిల్‌లో కుంకుమ బొట్టు ఎంత సైజు ఉండాలో కూడా రాసేసింది.

మిగతావాళ్ళకి అది ఫోటో. గౌరికి మాత్రం ప్రాణం. తెనాలిలో అమ్మ కుట్టుమిషను దగ్గరికి వచ్చే ప్రతి ఆడమనిషీ జాకెట్టు ముక్క చేతికివ్వక ముందే "ఇంకా మీ అమ్మాయి వెళ్ళలేదా?" అని అడిగేది. ఏడు నెలలు అమ్మ పళ్ళ మధ్య సూదిదారం పెట్టుకుని జవాబు తప్పించుకుంది. ఫణి పక్కన నిలబడ్డ తన ఫోటో ఆ మిషను పైన గోడకి తగిలితే చాలు, ఆ నోళ్ళన్నీ మూతపడతాయి. అందుకే గౌరి కూడా పది రోజులుగా అన్నం మానేసి సూప్ తాగింది, మనవాళ్ళ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డుకెళ్ళి కనుబొమలు దిద్దించుకుంది, రోజూ మొహానికి మీగడ రాసుకుంది.

ఇవాళ మధ్యాహ్నం భానుశ్రీ తెచ్చిచ్చిన ఈ జాకెట్టు చూశాక మీగడ సంగతి మర్చిపోయింది.

వదులుగా ఉంది. వదులంటే మామూలు వదులు కాదు, దిండు గలీబులా వేలాడుతోంది. ఎవరైనా సరే "టైలర్ పాడుచేశాడు" అని ఊరుకునేవాళ్ళు. గౌరి ఊరుకోలేదు. గుడ్డపీలికలతో ఆడుకుంటూ మిషను కింద పెరిగిన పిల్ల. పాడుచేసిన జాకెట్టు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఒకచోట బిగుస్తుంది, ఇంకోచోట ముడతపడుతుంది, చంక దగ్గర కొరుకుతుంది. ఇది అలా లేదు. మెడ చక్కగా తిరిగింది. టక్కులు రెండు వైపులా సమానం. పైపింగ్‌లో వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరో ఒక మనిషికి చర్మంలా అతుక్కునే జాకెట్టు. ఆ మనిషి గౌరి కంటే నాలుగంగుళాలు పొడుగు. వెడల్పాటి భుజాలు, పొడుగు చేతులు. మోచేతిదాకా చేతులు పెట్టించుకునే అలవాటు ఉంది.

ఇంత కచ్చితంగా కుట్టాలంటే టైలరు ముందర ఆది జాకెట్టు ఉండాల్సిందే. ఒంటికి సరిగ్గా సరిపోయిన పాతది ఒకటి ఇస్తే, దాని కొలత పట్టి కొత్తది కత్తిరిస్తాడు. గౌరిని ఎవరూ ఆది జాకెట్టు అడగలేదు. మెడ వెనక పిన్నీసుతో గుచ్చిన చీటీ ఇంకా అలాగే ఉంది. బెజవాడ టైలరు చీటీ, తేదీ 6-8-2011. ఆ ఆగస్టులో గౌరి తెనాలిలోనే ఉంది. బెజవాడకి అరగంట దూరం. ఒక్క ఫోన్ చేసి ఉంటే పరిగెత్తుకెళ్ళి ఇచ్చి వచ్చేది.

తలుపు తోసుకుని భానుశ్రీ వచ్చింది. తలనిండా రోలర్లు.

"ఇంకా వేసుకోలేదా? టూ థర్టీ అయింది గౌరీ!"

"ఇది నాది కాదు వదినా."

"అబ్బా, టైలర్ గాడు చెడగొట్టి ఉంటాడు. సైడ్స్‌లో నాలుగు సేఫ్టీ పిన్స్ కొట్టెయ్. పమిట కప్పేస్తే ఎవడికి కనిపిస్తుంది? నువ్వెలాగూ చివర్లో నిలబడతావు."

"చివర్లోనా? ఆయన పక్కన కదా?"

"హైట్ ప్రకారం అలా వచ్చిందిలే. ఫోటో తీసే జ్ఞానప్రసూన ఆంటీ కంపోజిషన్ అది, నాకేం తెలుసు?" భానుశ్రీ కళ్ళు అద్దం మీదికి పోయాయి. అంతలో కింద నుంచి పన్నెండేళ్ళ సంహిత అరుపు.

"మమ్మీ! నా బ్రేసెస్ కనిపిస్తాయి! నోరు మూసుకుని స్మైల్ ఎలా చేస్తారు?"

"మీ అమ్మమ్మని చూసి నేర్చుకో! ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తోంది!" అని అరుస్తూ భానుశ్రీ మెట్లు దిగిపోయింది. దిగిన వేగం చూస్తే కూతురి కోసం కాదు, గౌరి నుంచి తప్పించుకోవడానికని ఎవరికైనా తెలుస్తుంది.

గౌరి జాకెట్టు పట్టుకుని తిన్నగా ఫణి దగ్గరికి వెళ్ళింది. మంచం మీద కూర్చుని లాప్‌టాప్ చూస్తున్నాడు. పళ్ళు తెల్లబడటానికి స్ట్రిప్పులు అంటించుకున్నాడు.

"ఏమండీ, ఇది ఎవరి కొలతలకి కుట్టించారు?"

ఫణి నోరు చూపించి, వేళ్ళతో ముప్ఫై చూపించాడు. అరగంట మాట్లాడకూడదట.

"తల ఊపి చెప్పండి చాలు. ఇది నాకోసం కుట్టించిందేనా?"

తల ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు. ఆ నోట్లో స్ట్రిప్పులు లేకపోయినా ఈ మనిషి మాట్లాడి ఉండేవాడు కాదని గౌరికి అప్పుడర్థమైంది. పది రోజులుగా ఏదో ఒకటి అడ్డం. ఒకరోజు ఆఫీస్ కాల్. ఒకరోజు తలనొప్పి. ఇవాళ పళ్ళు.

బాత్రూమ్‌లోంచి మామగారు పిలిచాడు. "గౌరీ! కాస్త రా తల్లీ!"

రాజారావు బాత్‌టబ్ అంచు మీద కూర్చున్నాడు. కిరాణా షాపు ప్లాస్టిక్ సంచికి కన్నం పెట్టి మెడకి తగిలించుకున్నాడు. చేతిలో హెయిర్ డై కలిపిన గిన్నె.

"నువ్వే వెయ్యాలమ్మా. మీ అత్తయ్య శనగపిండి పూసుకుని పడుకుంది. పలకరిస్తే పిండి పగులుతుందని కసురుతోంది. మీసం మాత్రం మర్చిపోకు. పోయినేడాది మర్చిపోయారు. ఫోటోలో తల నాదీ, మీసం మా నాన్నదీ అన్నట్టుంది."

ఇంకో రోజైతే గౌరి పడీపడీ నవ్వేది. గ్లవ్స్ తొడుక్కుని, బ్రష్ ముంచి, ఎడమ చెవి పైనుంచి మొదలుపెట్టింది. సగం తల నల్లబడేదాకా ఆగింది. ఇక ఆయన లేచి ఎక్కడికీ పోలేడు.

"మావయ్యగారూ, టైలరుకి ఆది జాకెట్టు ఎవరిచ్చారు?"

"ఏ జాకెట్టమ్మా? ఆడవాళ్ళ గొడవలు నాకేం తెలుసు? టైలరు దగ్గర నీ పాత కొలతలు ఉంటాయిగా..."

"ఆ టైలరు దగ్గర నేను జన్మలో ఒక్కటి కుట్టించుకోలేదు. నావన్నీ మా అమ్మే కుడుతుంది."

"కడిగేసుకుంటానమ్మా, మంట పుడుతోంది."

"పెట్టె మీద ఇరవై ఐదు నిమిషాలుంచాలని రాసుంది. కదలకండి, చెవికంటుతుంది." బ్రష్ మళ్ళీ ముంచింది. "ఎవరామె?"

"నన్నెందుకు అడుగుతావు తల్లీ? ఈ ఇంట్లో నా మాట ఎవడు విన్నాడు గనక?"

"అబద్ధం చెప్పడం మీకొక్కరికే రాదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆ మాటకి పెద్దాయన తల వంచేశాడు. సగం నలుపు, సగం తెలుపు తల. ఆర్టీసీ డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, ఒక్క దొంగ సంతకం పెట్టలేదని ఊరంతా చెప్పుకున్న మనిషి. ఇప్పుడు కోడలి ముందు నీళ్ళు నములుతున్నాడు.

"భావన అని," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "ఫణి ఆఫీసే. ప్లెయిన్స్‌బరోలో ఉంటుంది. కరీంనగర్ వాళ్ళు. మాకు కారు లేకపోతే గుడికి తీసికెళ్ళేది ఆ పిల్లే. మంచి పిల్లేనమ్మా..." అని, ఎవరితో అంటున్నాడో తెలిసి నాలిక కరుచుకున్నాడు.

బ్రష్ ఆగలేదు. నుదుటి పైన వెంట్రుకలు ఒక్కొక్క పాయే తీసి వేస్తోంది గౌరి.

"ఆ అమ్మాయి ఆది జాకెట్టు బెజవాడ ఎలా వచ్చింది?"

"జూలైలో అల్లుడు భాస్కర్ ఇండియా వచ్చినప్పుడు బ్యాగులో తెచ్చాడు."

"అన్నయ్యగారికి ఎవరిచ్చారు?"

నల్లటి చుక్క ఒకటి కణత మీదుగా కారుతుంటే గౌరే తుడిచింది.

"ఫణి," అన్నాడు.

లాండ్రీ మడతపెట్టమంటే జాకెట్టుని మసిగుడ్డలా ఉండచుట్టి పడేసే ఫణి. నాలుగేళ్ళ కాపురంలో భార్య జాకెట్టుకి హుక్కులు ముందుంటాయో వెనకుంటాయో తెలియని ఫణి. ఆ ఫణి ఒకామెని అడిగి, ఆమె ఒంటికి బాగా సరిపోయిన జాకెట్టు తీయించి, కవర్‌లో పెట్టి, బావగారి బ్యాగులో సర్దాడు! ప్రేమ, దోమ లాంటి మాటలేవైనా విని ఉంటే గౌరి తట్టుకునేదేమో. ఇది తట్టుకోలేకపోయింది. పక్క మనిషి కొలతలు తెలుసుకోవాలన్న బుద్ధి ఆయనకి పుట్టకనే లేదని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంది. పుట్టింది. తన విషయంలోనే పుట్టలేదు.

"నేనొచ్చానని ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. ఇంట్లో అందరికీ జ్వరాలు, రావద్దని చెప్పారు. విడాకులు కూడా అయిపోయాయని చెప్పారమ్మా. నేను చెప్పలేదు." ఆగాడు. "కాదనీ అనలేదు. వింటూ కూర్చున్నాను."

"మరి నన్నెందుకు నిలబెడుతున్నారు ఈ ఫోటోలో?"

"నువ్వు గొడవ చెయ్యకుండా ఉండాలని. నిన్ను చివర్న పెట్టమన్నది అందుకేనమ్మా. కార్డు వేసేముందు కంప్యూటర్‌లో ఆ చివర కత్తిరించేస్తుందట భాను. మీ అమ్మకి మటుకు మొత్తం ఉన్నది పంపిస్తారట."

గౌరి మీసం కూడా పూర్తిచేసింది. రెండు వైపులా సమానంగా. గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేసి చెయ్యి చాపింది.

"మీ ఫోన్ ఇవ్వండి."

"గౌరీ, ఇంటి పరువు తల్లీ..."

"ఇవ్వండి మావయ్యగారూ. ఈసారి కూడా వింటూ కూర్చోండి చాలు."

ఆయన ఇచ్చాడు. రెండో రింగుకే ఎత్తింది అవతలి మనిషి.

"అంకుల్! చెప్పుండ్రి! జ్వరం తగ్గిందా?" ఎంత హాయిగా ఉందో ఆ గొంతు! వెనకాల ఎక్కడో కుక్కర్ విజిలేస్తోంది.

"అంకుల్ కాదండీ. గౌరిని."

"ఏ గౌరి?"

"ఫణికుమార్ భార్యని."

కుక్కర్ ఇంకో రెండు విజిల్స్ వేసింది. ఎవరూ కట్టేయలేదు.

"మీరు... ఇండియాల కదా ఉన్నది?"

"పది రోజులైంది వచ్చి. భానుశ్రీ వదిన ఇంట్లోనే ఉన్నాను."

"పది రోజులా? నిన్న పొద్దుగాల గూడ ఫోన్ చేసిండు నాకు! డివోర్స్ పేపర్ల మీద మీరు సంతకం పెట్టిన్రన్నడు. మా నాయినకు ఆ పేపర్లు గూడ ఇచ్చిండు!"

"నేను ఏ పేపర్ మీదా సంతకం పెట్టలేదు." తన గొంతు ఇంత నిలకడగా ఎలా ఉందో గౌరికే తెలియలేదు. "మీ జాకెట్టు ఇక్కడుంది. బాగా కుట్టాడు. నాలుగింటికి ఫోటో. వచ్చి తీసికెళ్ళండి."

అవతల ఎవరో పెద్దాయన "ఎవరు బిడ్డా?" అంటున్నాడు. ఆ తర్వాత భావన గొంతు మారిపోయింది. "వస్తున్నం," అంది. ఫోన్ పెట్టేసింది.

నాలుగుంబావుకి హాల్లో లైట్లు, గొడుగులు, స్టాండు, ఒక పెళ్ళిమంటపం హంగామా. జ్ఞానప్రసూన వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, వీకెండ్స్‌లో చుట్టుపక్కల జరిగే ప్రతి సీమంతానికీ, ప్రతి బర్త్‌డేకీ కెమెరా పట్టుకెళ్తుంది. శనివారం ఆవిడ కంట పడింది ఆదివారం పాట్‌లక్ భోజనాల టైముకి న్యూజెర్సీ తెలుగువాళ్ళందరికీ తెలిసిపోతుందని ప్రతీతి. అందుకే అందరూ ఆవిడ ముందు తెగ నవ్వుతున్నారు.

గౌరి మెట్లు దిగింది. మెరూన్ చీర కట్టుకుంది. దాని మీదికి తన పాత ఆకుపచ్చ జాకెట్టు. అమ్మ కుట్టింది.

భానుశ్రీ గుడ్లు మిటకరించింది. "మెరూన్ మీద గ్రీనా? క్రిస్మస్ చెట్టులా ఉన్నావు! కార్డు మొత్తం స్పాయిల్ అవుతుంది!"

"కార్డు మీదికి నేను రాను కదా వదినా, మీకెందుకు బెంగ?"

భానుశ్రీ మొహానికి వేసుకున్న మేకప్ అక్కడే ఉంది, వెనక రంగు దిగిపోయింది. ధనమ్మ చటుక్కున తండ్రీకొడుకుల మొహాలు చూసింది. రాజారావు నిగనిగలాడే నల్ల మీసంతో చెప్పుల కేసి చూసుకుంటున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

"పొట్ట లోపలికి, రాజారావుగారూ! భాస్కర్, గెడ్డం పైకి! సంహితా, ఫోన్ కింద పెట్టు!" జ్ఞానప్రసూనకి ఇంకా ఏమీ అంతుపట్టలేదు. "గౌరీ, నువ్వలా ఆ చివరికి వెళ్ళమ్మా."

గౌరి వెళ్ళింది. చెప్పిన చోటే నిలబడింది.

"ఒక్క ఐదు నిమిషాలాగండి ఆంటీ. ఇంకొకరు రావాలి."

"ఎవరు? అందరూ ఉన్నారుగా."

"మా ఆయన్ని అడగండి."

ఫణి అప్పటికే కిటికీ కేసి చూస్తున్నాడు. వీధి మలుపు తిరిగి వస్తున్న నీలం రంగు కారుని గుర్తుపట్టింది ఒక్క ఫణే కాదు. ధనమ్మ "తలుపు తియ్యకండి!" అని గొంతు చించుకుంది. కానీ బెల్లు మోగగానే సంహిత ఒక్క గెంతులో వెళ్ళి తీసేసింది.

"హాయ్ భావనా ఆంటీ! యూ ఆర్ లేట్! మీ చీర ఏది?"

ఆ పిల్లకి కూడా తెలుసు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. జ్ఞానప్రసూన కెమెరా మెల్లగా దించింది, చెవులు మాత్రం దించలేదు.

భావన పొడుగ్గా ఉంది, వెడల్పాటి భుజాలు. గౌరి అనుకున్నట్టే ఉంది. అనుకోనిది ఒక్కటే, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టకుండా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెని దాటుకుని వాళ్ళ నాన్న తిరుపతయ్య వచ్చాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు. తిన్నగా గౌరి ముందుకొచ్చి చొక్కా జేబులోంచి మడతపెట్టిన విడాకుల కాగితాలు తీశాడు.

"నా బిడ్డ తప్పు చేసిందా, మోసపోయిందా నాకు తెల్వాలె. అంతే అడుగుతున్న. ఇది నీ సంతకమేనా బిడ్డా?"

"కాదండీ," అంది గౌరి, కాగితాలు అందుకోకముందే. దొరికిపోయారు, అనుకుంది. పది రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. ఇంతమంది ముందు, జ్ఞానప్రసూన ముందు, దొంగ సంతకంతో దొరికిపోయారు.

"చూసి చెప్పు గౌరీ," అన్నాడు ఫణి. ఇవాళ్టికి అతను నోరు విప్పడం అదే మొదలు. కంగారు లేదు, బతిమాలడం లేదు. "తొందరేం లేదు. సరిగ్గా చూసి అంకుల్‌కి చెప్పు."

గౌరి మడత విప్పింది. ఒక పేజీ తిప్పింది, రెండో పేజీ తిప్పింది. అడుగున నీలం సిరా. మొదటి గీత నుంచి చివరి వంపు దాకా కళ్ళతో తడిమింది, ఎక్కడైనా చెయ్యి వణికిందేమో, ఎక్కడైనా ఇంకొకరి పెన్ను తెలుస్తుందేమో అని.

భావన గుమ్మంలోంచి చూస్తోంది. తిరుపతయ్య చూస్తున్నాడు. మామగారు తలెత్తి చూస్తున్నాడు.

ఆ సంతకం గౌరిదే.

(ఇంకా ఉంది)